మ్యాట్ మీద బాగా తగిలే గోల్ఫ్ బంతి గడ్డి మీద ఎందుకు తగలడం లేదు?

చంద్రగిరి చేను (ప్రశ్న)

సభ్యులకు నమస్కారం.

నేను తిరుపతిలో ఉంటూ శ్రీసిటీలోని ఒక కర్మాగారంలో పనిచేస్తున్నాను. మా విభాగానికి పై అధికారిగా వచ్చిన ఒక జపాన్ పెద్దమనిషి రెండేళ్ళ క్రితం స్వదేశానికి తిరిగి వెళుతూ, తన పాత గోల్ఫ్ ఐరన్ల (లోహపు తల ఉన్న కర్రల) సెట్టును, దూరం కొట్టడానికి వాడే పెద్ద తల కర్ర అయిన ఒక డ్రైవర్‌ను బ్యాగుతో సహా నాకు ఇచ్చి వెళ్ళారు. అంతకుముందు నేను చేత పట్టింది క్రికెట్ బ్యాటు ఒక్కటే. యూనివర్సిటీ రోజుల్లో మిడ్‌వికెట్ మీదుగా లాగి కొట్టడం తప్ప నాకు మరో షాట్ రాదని స్నేహితులు ఎగతాళి చేసేవారు. ఇప్పటి నా కష్టాలకు ఆ అలవాటు కూడా కొంత కారణమేమోనన్న అనుమానంతో ఈ సంగతి ముందే చెబుతున్నాను. నాది కుడిచేతి వాటం.

గోల్ఫ్ కోర్సు (ఆట మైదానం) దగ్గరలో లేనందువల్ల మా మిద్దె మీద వల కట్టించి, ప్లాస్టిక్ గడ్డి మ్యాట్ ఒకటి పరచుకొని, ఎనిమిది నెలలపాటు దాదాపు ప్రతి సాయంత్రం 50, 60 బంతులు కొట్టాను. ఏడో నంబరు ఐరన్‌తో కొట్టిన పది బంతులలో ఏడెనిమిది శుభ్రంగా తగిలినట్లే చేతికి తెలిసేది, శబ్దం కూడా బాగుండేది. ఆ ధైర్యంతోనే గత నెల మిత్రుల వెంట సుమారు 140 కిలోమీటర్లు ప్రయాణం చేసి, చెన్నైలోని ఒక కోర్సులో మొదటిసారి 18 హోల్స్, అంటే ఒక పూర్తి ఆట, ఆడాను. మొదటి ఐరన్ షాట్‌కే క్లబ్ (కర్ర) బంతికి జానెడు వెనుక నేలలో దిగబడింది. అరచేయంత గడ్డిచెక్క బంతికంటే ముందు ఎగిరి పడింది, బంతి 20 గజాలు కూడా పోలేదు. వెంట ఉన్న క్యాడీ (బ్యాగు మోసే సహాయకుడు) ఏమీ అనకుండా ఆ చెక్కను తెచ్చి, గుంతలో పెట్టి, కాలితో అదిమి తొక్కాడు. ఆ రోజు అతడు అలా తొక్కిన గుంతలు పదిహేను దాకా ఉంటాయి.

నేల తగలకుండా జాగ్రత్తపడదామని చూస్తే క్లబ్ అంచు బంతి నడినెత్తిన తగిలి, అది నేల మీదనే జరజరా పాకిపోయేది. డ్రైవర్‌తో కొట్టిన బంతులు ఎడమవైపుకు బయలుదేరి, కొడవలి వంపు తిరిగి కుడివైపు చెట్లలో పడ్డాయి. కుడికి పోతున్నదని నేను ఇంకాస్త ఎడమకు తిరిగి నిలబడితే వంపు ఇంకా పెరిగిందే తప్ప తగ్గలేదు. ఇది చాలదన్నట్లు చివరి హోల్స్‌లో రెండుసార్లు బంతి క్లబ్ మెడకు, అంటే కర్ర తలకు అతికే చోట తగిలి, ఎదురుగా పోవలసింది కుడిపక్కకు దూసుకుపోయింది. అక్కడ నిలబడిన మిత్రుడు వంగబట్టి సరిపోయింది గానీ, లేకుంటే ఈ ప్రశ్న వేరే చోట అడగవలసి వచ్చేది.

అంతకుముందు ఒక శిక్షకుని వద్ద ఐదు తరగతులకు డబ్బు కట్టాను. ఐదింటిలోనూ ఆయన చెప్పింది తల ఎత్తవద్దు, తల దించి బంతినే చూడు అన్న ఒక్క మాటే. తల దించీ దించీ మెడ పట్టేసింది, ఆట మాత్రం ఉన్నచోటనే ఉంది. ఈ మధ్య సాయంత్రాలు ఎడమ మోచేయి కూడా నొప్పిగా ఉంటున్నది.

నేను అడగదలచినవి రెండు. ఈ తప్పులన్నీ వేరువేరా, లేక ఒకే మూలం నుండి వస్తున్నవా? ఇంటి వద్దనే వీటిని సరిచేసుకొనే మార్గం ఉన్నదా? చంద్రగిరి దగ్గర మాకు రెండెకరాల మెట్ట చేను ఉంది. వేరుశనగ పీకేశారు కాబట్టి ఇప్పుడు ఖాళీగానే పడి ఉంది. అది ఏమైనా పనికివస్తుందేమో చెప్పగలరు. నేను మ్యాట్ మీద బంతిని రబ్బరు టీ (బంతిని ఎత్తుగా నిలబెట్టే చిన్న మేకు) కోసం చేసిన రంధ్రం దగ్గర పెట్టుకుంటాను. నిలబడినప్పుడు అది నా ఎడమ పాదం బొటనవేలికి ఎదురుగా వస్తుంది.


పాకాల జంక్షన్

చంద్రగిరి చేను గారికి నమస్కారం.

ఉద్యోగరీత్యా బెంగళూరులో ఉన్న ఇరవై ఏళ్ళకు పైగా కాలంలో వారానికి ఒకసారైనా ఆడినవాణ్ణి, ఇప్పుడు పాకాలలో విశ్రాంతిగా ఉన్నాను. మీరు నాలుగు జబ్బులు చెప్పారు గానీ, వాటిలో మొదటి రెండూ, అంటే నేల ముందు తగలడమూ బంతి నెత్తిన తగలడమూ, ఒకే తల్లి బిడ్డలు. నేను ఆ రెండింటి గురించే రాస్తాను. డ్రైవర్ సంగతి నాకంటే బాగా తెలిసినవారు ఇక్కడ ఉన్నారు.

ముందు మ్యాట్ సంగతి. మీ మ్యాట్ కింద ఉన్నది సిమెంటు, పైన ఉన్నది రబ్బరు. క్లబ్ బంతికి రెండు మూడు అంగుళాలు వెనుక దిగినా, గుచ్చుకోవడానికి మన్ను లేదు కాబట్టి జారుకుంటూ వచ్చి బంతి కిందికే చేరుతుంది. బంతి లేస్తుంది, శబ్దం వస్తుంది, మీరు సంతోషిస్తారు. కోర్సులో ఉండేది గరిక. మనలాంటి వేడి ప్రదేశాలలో ఫెయిర్‌వేల (కత్తిరించిన గడ్డి దారుల) మీద ఎక్కువగా పెంచేది గరిక జాతి గడ్డినే, లేదా దాని సంకరాలనే. కాణిపాకం వినాయకుడికి మనం సమర్పించే గరికకు అది దగ్గరి చుట్టం. దాని వేళ్ళూ, నేల మీద పాకే తీగలూ చాపలా అల్లుకొని ఉంటాయి గనుక, వెనుక దిగిన క్లబ్‌ను అవి పట్టి ఆపేస్తాయి. మీ తప్పు చెన్నైలో పుట్టినది అనుకోకండి, ఎనిమిది నెలలుగా మిద్దె మీద దాగి ఉన్నదే అక్కడ బయటపడింది.

స్వింగ్‌లో క్లబ్ తల ఊయలలా ఒక వంపులో కిందికి దిగి మళ్ళీ పైకి లేస్తుంది. ఆ వంపులో అన్నిటికన్నా కిందిగా ఉండే చోటును అడుగుబిందువు అందాం. నేల మీద ఉన్న బంతిని ఐరన్‌తో కొట్టేటప్పుడు ఆ బిందువు బంతికి ముందు, అంటే లక్ష్యం వైపు, బెత్తెడు దూరంలో ఉండాలి. అప్పుడు క్లబ్ ఇంకా దిగుతూ ఉండగానే బంతిని తాకి, ఆ తరువాతనే నేలను గీసుకుంటూ పోతుంది. మంచి ఆటగాళ్ళు కొట్టిన చోట గడ్డి లేచిన గాటు బంతి ఉన్న స్థానానికి ముందు మొదలయ్యేది అందుకే. మీ అడుగుబిందువు బంతికి వెనుక ఉంది. అక్కడ క్లబ్ నేలను తాకితే గడ్డిచెక్క ఎగురుతుంది. తాకకుండా తప్పించుకుంటే, బంతి దగ్గరకు వచ్చేసరికి క్లబ్ పైకి లేస్తూ ఉంటుంది గనుక దాని అంచు బంతి నడుముకో నెత్తికో తగులుతుంది. నిబంధనల ప్రకారం గోల్ఫ్ బంతి వ్యాసం 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, అంటే దాని నడుము నేలకు సుమారు 21 మిల్లీమీటర్ల ఎత్తున ఉంటుంది. ఐరన్ అంచు ఆ రెండు సెంటీమీటర్లకు బాగా కింద రావాలి. ఇంత ఇరుకు సందులో అడుగుబిందువు ఒక అంగుళం అటూ ఇటూ అయితే ఏమవుతుందో మీరే ఊహించగలరు. బంతి, క్లబ్ ఒకదానికొకటి ఆనుకొని ఉండేది సెకనులో రెండువేలవ వంతు మాత్రమే కాబట్టి, ఆ క్షణంలో చేతితో ఏదో సర్దుదామనుకోవడం వృథా. సర్దవలసినదంతా అంతకుముందే సర్దుకోవాలి.

అడుగుబిందువు వెనుకకు పోవడానికి నేను చూసినంతలో కారణాలు రెండు. మొదటిది బంతిని చేతులతో పైకి లేపాలన్న ఆత్రం. గరిటెతో సాంబారు తోడినట్లు మణికట్టును ముందుకు విరిచి బంతి కిందికి పోనిస్తాం. ఏడో నంబరు ఐరన్ ముఖం (బంతిని తాకే భాగం) 30 డిగ్రీలు అటూ ఇటూగా వెనక్కి వాలి ఉంటుంది, బంతిని పైకి లేపే పని ఆ వాలుదే. మీరు క్లబ్‌ను కిందికి పోనివ్వడమే చేయాలి. రెండవ కారణం బరువు. మీ బరువు కుడికాలి మీదనే ఉండిపోతే అడుగుబిందువు కూడా కుడివైపే ఉండిపోతుంది.

ఈ బరువు మారడం గురించి ఎన్ని చిత్రాలు చూసినా నాకు అర్థం కానిది, ఒకరోజు మా తోటలో మనవడు తోతాపురి కాయను రాయితో కొట్టబోవడం చూస్తే అర్థమైంది. రాయిని వెనక్కి ఎత్తినప్పుడు వాడి బరువు వెనుక కాలి మీద ఉంది. విసరడానికి ముందు ముందుకాలు నేల మీద పడింది, ఆ తరువాత నడుము తిరిగింది, చేయి అందరికన్నా చివర వచ్చింది. వాడికి ఎవరూ నేర్పలేదు. గోల్ఫ్‌లోనూ వరుస అదే. చేతులు ఇంకా పైన ఉండగానే బరువు ఎడమకాలి మీదికి రావడం మొదలు కావాలి, బంతిని తాకే వేళకు బరువులో అధిక భాగం అక్కడే ఉండాలి. దీనికి నేను చేసిన సాధన ఇది. రెండు పాదాలూ దగ్గరగా పెట్టి క్లబ్‌ను వెనక్కి తీసుకుపోవడం, క్లబ్ పైకి చేరుతూ ఉండగా ఎడమకాలిని లక్ష్యం వైపు ఒక అడుగు వేయడం, ఆ కాలు ఆనిన తరువాతనే కొట్టడం. మొదట బంతి లేకుండానే చేయండి.

ఇక మీ చేను సంగతి. మీకు అంతకన్నా మంచి గురువు దొరకదు. ఒక మూల నాలుగు గజాల స్థలంలో రాళ్ళన్నీ ఏరి, ముందురోజు సాయంత్రం కాస్త తడపండి. ఎండిన ఎర్రనేల మీద కొడితే మణికట్టు పోతుంది. ధనుర్మాసం వచ్చేసింది కాబట్టి ఇంట్లో ముగ్గుపిండికి కరువుండదు. లక్ష్యం వైపుకు అడ్డంగా, అంటే బంతి ఉండవలసిన చోట మీ రెండు పాదాల మధ్య నుండి ముందుకు పోయేలా, మూరెడు ముగ్గుగీత ఒకటి గీయండి. బంతి పెట్టకుండా, ఆ గీతనే బంతి అనుకొని క్లబ్ తిప్పండి. మన్ను ఎక్కడ లేచిందో చూడండి. గీతకు లక్ష్యం వైపున లేస్తే సరి, గీతకు వెనుక లేస్తే తప్పు. గాటు కూడా దోసెలా పలచగా లేవాలి గానీ ఇడ్లీలా ముద్దగా కాదు. పదింటిలో ఏడు గీతకు ముందు పడేదాకా బంతి జోలికి పోవద్దని నా సలహా.


నీవా తీరం

పెద్దలు పాకాల జంక్షన్ గారు చెప్పినదంతా అంగీకరిస్తూనే, ఒక్క విషయంలో మాత్రం విభేదిస్తున్నాను. ప్రశ్న చివరి వాక్యాన్ని ఆయన పట్టించుకోలేదు. ఏడో నంబరు ఐరన్‌కు బంతి ఎడమ బొటనవేలికి ఎదురుగా ఉంటే, బరువు ఎంత చక్కగా మారినా అడుగుబిందువు దాని ముందుకు పోవడం కష్టం. ఆ ఐరన్‌కు బంతి రెండు పాదాల మధ్యలో, లేదా మధ్య నుండి ఒక బంతి వెడల్పు మాత్రం ఎడమగా ఉండాలి. ఎడమ మడమ లోపలి వైపుకు ఎదురుగా పెట్టవలసినది డ్రైవర్ బంతిని. మ్యాట్ తయారుచేసినవాడు ఎక్కడ రంధ్రం పెడితే అక్కడ మనం బంతి పెట్టుకుంటే, మన స్వింగ్‌ను వాడి చేతిలో పెట్టినట్లే. ముగ్గుగీత గీసే ముందు ఇది సరిచేసుకోండి, లేకుంటే గీతనే తప్పుచోట గీస్తారు. బంతి మరీ ముందుకు ఉన్నప్పుడు దానిని అందుకోవడానికి భుజాలు కూడా తెలియకుండానే ఎడమకు తెరుచుకుంటాయి, మీ డ్రైవర్ కథ కూడా కొంత అక్కడే మొదలవుతున్నది.

ఇక స్లైస్, అంటే కుడికి వంగిపోయే మీ డ్రైవర్ బంతి గురించి. బంతి ముందుగా ఏ దిక్కుకు బయలుదేరుతుందో నిర్ణయించేది ప్రధానంగా క్లబ్ ఊగే దారి అని చాలాకాలం నేర్పించారు. రాడార్‌తో బంతినీ క్లబ్‌నూ కొలిచే ట్రాక్‌మ్యాన్ వంటి పరికరాలు వచ్చిన తరువాత ఆ మాట తిరగబడింది. డెన్మార్క్‌కు చెందిన ఆ సంస్థ 2003లో మొదలైంది. బంతి బయలుదేరే దిక్కును ఎక్కువగా నిర్ణయించేది తాకే క్షణంలో క్లబ్ ముఖం చూస్తున్న దిక్కే. ఐరన్లలో అది సుమారు నాలుగింట మూడు వంతులు, డ్రైవర్‌తో ఇంకా ఎక్కువ. ఆ తరువాత బంతి ఎటు వంగుతుందన్నది క్లబ్ దారికీ ముఖానికీ మధ్య ఉన్న తేడాను బట్టి ఉంటుంది. మీ బంతి ఎడమకు బయలుదేరి కుడికి వంగుతున్నదంటే, ముఖం లక్ష్యానికి కొంచెం ఎడమగా ఉన్నది, దారి అంతకంటే ఇంకా ఎడమకు పోతున్నది. మీరు మరింత ఎడమకు తిరిగి నిలబడినప్పుడు దారి మరింత ఎడమకు పోయింది, ముఖం మాత్రం మీ కళ్ళు చూస్తున్న లక్ష్యం వైపే ఉండిపోయింది, తేడా పెరిగింది, వంపూ పెరిగింది. స్లైస్ ఉన్నవారందరూ చేసేది ఇదే, నేనూ రెండేళ్ళు చేశాను.

మీ మిడ్‌వికెట్ షాట్ ఇక్కడే అడ్డు వస్తున్నది. క్రికెట్‌లో లాగి కొట్టేవారికి పై నుండి దిగేటప్పుడు కుడి భుజమే ముందు కదులుతుంది. భుజం ముందుకు తోసుకురాగానే క్లబ్ బయటి నుండి లోపలికి కోసుకుంటూ వస్తుంది. దీనికి మందు సులభం. బంతికి అవతల, అంటే మీకు దూరంగా ఉండే వైపున, బంతికి కొంచెం వెనుకగా ఒక పాత హవాయి చెప్పును పెట్టుకోండి. బయటి నుండి వస్తే చెప్పు ఎగిరి పోతుంది. చెప్పుకు తగలకుండా బంతిని కొట్టడం ఒక్కటే పనిగా పెట్టుకుంటే, ఎవరూ చెప్పకుండానే క్లబ్ లోపలి దారి వెతుక్కుంటుంది. మొదట సగం వేగంతో చేయండి. నా చెప్పు ఒకటి మొదటి వారంలోనే పక్కింటివారి మిద్దె మీద పడింది.

పట్టు కూడా చూసుకోండి. బ్యాటు పట్టినవారు క్లబ్‌ను ఎడమ అరచేతిలో పట్టుకుంటారు. నీళ్ళ బకెట్ మోసేటప్పుడు దాని పిడి ఎక్కడ ఉంటుందో గమనించండి, వేళ్ళ మొదళ్ళలో ఉంటుంది. క్లబ్ కూడా ఎడమచేతిలో అక్కడే ఉండాలి. పట్టుకొని పై నుండి చూసుకుంటే ఎడమచేతి కణుపులు రెండో మూడో కనిపించాలి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఏర్పడే సందు కుడి భుజం వైపు చూడాలి. ఒక్క కణుపే కనిపిస్తున్నదంటే ముఖం తెరుచుకొని రావడానికి మీరే తలుపు తీసి పెట్టినట్లు. పట్టు మార్చిన మొదటి పదిహేను రోజులు చేతులు మీవి కానట్లు ఉంటుంది, అది సహజమే.

చివరిగా, బంతి ముఖం మీద ఎక్కడ తగులుతున్నదో తెలుసుకోకుండా డ్రైవర్ మరమ్మతు మొదలుపెట్టకండి. ముఖానికి రాసుకునే పౌడరును డ్రైవర్ ముఖం మీద పలచగా అద్ది ఐదు బంతులు కొట్టండి, మచ్చలు అన్నీ చెబుతాయి. మడమ వైపు, అంటే కర్ర అతికిన వైపు తగిలితే డ్రైవర్ తల మెలితిరిగి బంతికి కుడికి వంగే తిరుగుడును ఇస్తుంది. అటువంటప్పుడు మీ దారి, ముఖం రెండూ బాగున్నా స్లైస్ పోదు. టీ ఎత్తు బంతిలో సగం డ్రైవర్ తల పైకి కనబడేంత ఉంటే చాలు.


మోచేయి మోకాలు

నేను తిరుపతిలో ఫిజియోథెరపిస్టును, ఆటలో పెద్దగా పసలేనిదాన్ని, అయినా ఈ చర్చలో రెండు మాటలు చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

ముందు మోచేయి. మ్యాట్ మీద వెనుక దిగిన ప్రతి దెబ్బా మన్ను మింగవలసిన అదురును మీ చేతికి అప్పగిస్తుంది. కింద సిమెంటు ఉన్నప్పుడు అది రెట్టింపు చెడ్డది. గోల్ఫ్ ఆడేవారిలో నొప్పి మోచేతి లోపలి వైపే వస్తుందని పేరు గానీ, ముందు ఉండే చేతికి, అంటే మీకు ఎడమచేతికి, బయటి వైపు రావడం కూడా మామూలే. క్లబ్‌ను గట్టిగా బిగించి పట్టుకునేవారికి ఇంకా త్వరగా వస్తుంది. కొన్ని వారాలు మ్యాట్‌ను చుట్టి పక్కన పెట్టండి. మన జిల్లాలో చేయి నొప్పి అనగానే పుత్తూరు కట్టు గుర్తుకు రావడం సహజం, అయితే అది విరిగిన ఎముకల కోసం వెళ్ళే చోటు. ఇది కండర బంధనం మీద పడిన ఒత్తిడి కాబట్టి దీనికి కావలసింది విశ్రాంతి, ఆ తరువాత నెమ్మదిగా బలం పెంచే వ్యాయామం. తగ్గకపోతే వైద్యునికి చూపించండి.

రెండవది ఆ తల దించే సలహా. మీరు ఆడుతుండగా చూడలేదు గానీ, గడ్డం రొమ్ముకు ఆనించి తలను బిగబట్టినవారు భుజాలు పూర్తిగా తిప్పలేరని శరీరం తెలిసిన ఎవరైనా చెబుతారు. భుజాలు తిరగకపోతే చేతులే పని చేస్తాయి, బరువు కుడికాలి మీద చిక్కుకుంటుంది. బంతి నెత్తిన తగిలినప్పుడు తల లేచినట్లు కనిపిస్తుంది నిజమే, కానీ చాలాసార్లు ముందు లేచింది తల కాదు, నడుము. దిగేటప్పుడు పిరుదులు బంతి వైపుకు నెట్టుకొని రావడంతో వెన్ను నిటారుగా అయిపోతుంది, దానితో పాటు తల కూడా లేస్తుంది. మీ క్లబ్ మెడకు తగిలిన రెండు బంతులకూ కారణం ఇదే అయి ఉండవచ్చు. శరీరం బంతి వైపు జరిగితే చేతులు కూడా ముందుకు జరుగుతాయి, క్లబ్ ముఖం రావలసిన చోటికి మెడ వస్తుంది. అలసిన చివరి హోల్స్‌లోనే అది జరిగిందని మీరు రాయడం కూడా దీనికి సరిపోతున్నది.

మీ మిద్దె పిట్టగోడకు వీపు చేసి, పిరుదులు గోడను తాకీ తాకనట్లు వంగి నిలబడండి. క్లబ్ లేకుండా, చేతులు రొమ్ముకు అడ్డంగా పెట్టుకొని తిరగండి. వెనక్కి తిరిగినప్పుడు కుడి పిరుదు, ముందుకు తిరిగినప్పుడు ఎడమ పిరుదు గోడను ఒత్తాలి. మధ్యలో రెండూ గోడను వదిలేశాయంటే మీరు లేచిపోతున్నారని అర్థం. రోజంతా కుర్చీలో కూర్చొని పనిచేసేవారికి మొదట్లో ఇది కష్టంగానే ఉంటుంది. రోజుకు రెండుసార్లు ఇరవైసార్లు చొప్పున చేస్తే చాలు.


చంద్రగిరి చేను

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఐదు వారాల తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించాలి.

మ్యాట్‌ను చుట్టేశాను. బంతిని పాదాల మధ్యకు తెచ్చాను. మొదటి ఆదివారం చేనులో పది ముగ్గుగీతలు గీసి, పదింటినీ చూసి నిర్ఘాంతపోయాను. తొమ్మిదింటిలో మన్ను గీతకు వెనుకనే లేచింది, ఒకదానిలో అసలు లేవలేదు. నాలుగైదు గాట్లు గీతకు పూర్తిగా జానెడు వెనుక ఉన్నాయి, అంటే చెన్నైలో క్యాడీ తొక్కిన గుంతల కొలతే. మా అమ్మ గట్టు మీద నిలబడి, చేన్లో ముగ్గులేంది నాయనా, ధనుర్మాసం చేనుగ్గూడా వచ్చిందా అని అడిగింది. చెప్పాను. కాసేపు చూసి, నువ్వు మన్ను తవ్వేటప్పుడు వెనక్కి వాలుతున్నావు, పార పట్టినోడు ఎవడైనా అట్ట నిలబడతాడా అన్నది. మూడు పేజీల మీ సలహాలో సగం ఆ ఒక్క మాటలో ఉంది.

అడుగు వేసి కొట్టే సాధన పది రోజులు బంతి లేకుండానే చేశాను. సంక్రాంతి నాటికి గీతకు ముందు పడేవి పదింటిలో ఐదు అయ్యాయి, ఇప్పుడు ఆరు, ఒక్కోరోజు ఏడు. పాకాల జంక్షన్ గారు చెప్పినట్లు ఏడు వచ్చిన రోజునే బంతి పెట్టాను. తగిలిన బంతుల చప్పుడు మ్యాట్ మీద విన్నదానికి పూర్తిగా వేరు. ముందు బంతి, వెంటనే మన్ను, రెండు చిన్న శబ్దాలు ఒకదాని మీద ఒకటి పడినట్లు ఉంటుంది. ఇన్నాళ్ళూ నేను విని మురిసిపోయినది రబ్బరు చప్పుడన్నమాట.

పౌడరు పరీక్షలో ఐదు మచ్చలలో నాలుగు మడమ వైపే ఉన్నాయి. నీవా తీరం గారు అనుమానించినది నిజమే. బంతికి ఇదివరకటికన్నా అంగుళంన్నర దూరంగా నిలబడగానే మచ్చలు మధ్యకు జరిగాయి, వంపు సగం తగ్గింది. మిగిలిన సగం పట్టులో ఉందనుకుంటాను. రెండు కణుపులు కనిపించేలా పట్టుకుంటున్నాను గానీ, పై నుండి దిగేటప్పుడు చేయి మళ్ళీ పాత పద్ధతికి జారుతున్నది. చెప్పు ఇంకా ఎగురుతూనే ఉంది, పక్కన ఇళ్ళు లేవు కాబట్టి ఇబ్బంది లేదు. పిట్టగోడ వ్యాయామం చేస్తున్నాను, మోచేయి నొప్పి చాలావరకు తగ్గింది, క్లబ్ మెడకు తగలడం ఈ ఐదు వారాలలో ఒక్కసారే జరిగింది.

ఒక సందేహం మిగిలింది. చేనులో మన్ను మెత్తగా ఉంది, కోర్సులో గరిక గట్టిగా ఉంటుంది. వచ్చే నెల మళ్ళీ చెన్నై వెళుతున్నాము. అక్కడ ఆట మొదలుపెట్టే ముందు నేను ఏమి చూసుకోవాలి?


పాకాల జంక్షన్

ముందు మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి.

మొదటి టీ (ఆట మొదలుపెట్టే చోటు) దగ్గరకు అరగంట ముందు చేరుకోండి. సాధనకు గడ్డి ఉన్న చోటు కనుక్కొని, అనుమతి ఉంటే వెడ్జ్‌తో (దగ్గరి షాట్లకు వాడే ఐరన్) మెల్లగా సగం స్వింగ్‌లు ఆరేడు తిప్పండి, గాటు ఎక్కడ మొదలవుతున్నదో మాత్రమే చూడండి. ముగ్గుపిండి వద్దు, టీ ఒకటి నేలలో పూర్తిగా గుచ్చితే గుర్తుకు సరిపోతుంది. మొదటి నాలుగు హోల్స్‌లో ఐరన్‌ను ముప్పాతిక వేగానికి మించి తిప్పకండి, ఏడుకు బదులు ఆరు, అలా ఇంకాస్త దూరం పోయే క్లబ్ తీసుకోండి. దూరం కోసం వేగం పెంచిన మరుక్షణం బరువు మళ్ళీ కుడికాలికి పోతుంది. గడ్డిచెక్క లేచిన ప్రతిసారీ అది బంతి ఉన్న చోటికి ముందు లేచిందా, వెనుక లేచిందా అని కార్డు మీద అంకెల పక్కన ఒక గీత పెట్టుకోండి, ఇంటికి వచ్చాక స్కోరుకన్నా ఆ గీతలే పనికివస్తాయి. చెక్కను మాత్రం ఈసారి క్యాడీ కంటే ముందు మీరే తెచ్చి పెట్టండి.